కుట్లు వేసి ఇంటికి పంపేశారు, ఇప్పుడేంటి? పిల్లల చిన్న దెబ్బల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లాడు మంచం మీంచి పడ్డాడనో, తలుపు సందులో వేలు నలిగిందనో ఎమర్జెన్సీకి పరిగెత్తితే అక్కడ ఉండేది గంటో రెండు గంటలో. ఆ తర్వాత పది పదిహేను రోజులు చూసుకోవాల్సింది మీరే. డాక్టరు చెప్పిన జాగ్రత్తల్లో సగం ఆ ఏడుపులో వినపడవు, మిగతా సగం ఇంటికొచ్చాక పెద్దవాళ్లూ, పక్కింటివాళ్లూ, వాట్సాప్ గ్రూపులూ చెప్పేవాటిలో కలిసిపోతాయి. మర్నాడు పొద్దున్నుంచి డ్రెస్సింగ్ గదికి ఫోన్లు మొదలు, ఎప్పుడూ అవే ప్రశ్నలు. మాలా పిల్లల క్యాజువాల్టీలో పనిచేసేవాళ్లకి అవి కంఠతా వచ్చేస్తాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నా. ఇవి మామూలు దెబ్బల సంగతులు. మీ పిల్లని స్వయంగా చూసిన డాక్టరు ఇంకోలా చెప్పి ఉంటే ఆ మాటే వినండి.

సరిగ్గా తగ్గుతోందా లేదా అని ఎలా తెలుస్తుంది?

నిన్నటికన్నా ఇవాళ కాస్తయినా మేలుగా ఉండాలి. మొదటి ఒకటి రెండు రోజులు వాపు పెరుగుతుంది, కమిలిన చోట రంగు ముదురుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. మూడో రోజు నుంచి దిగడం మొదలవ్వాలి. తగ్గినట్టే తగ్గి మళ్లీ సలపరం మొదలైందన్నా, గాయం చుట్టూ ఎర్రదనం పాకుతోందన్నా, చీము, వాసన, జ్వరం వచ్చాయన్నా రివ్యూ తేదీ దాకా ఆగకండి. మేం ఎక్కువగా చూసే ఇబ్బందులు నిర్లక్ష్యం వల్ల వచ్చినవి కావు. రోజుకి నాలుగుసార్లు కట్టు విప్పి చూడటం, ఒకదాని మీద ఇంకోటి పూయడం, ఇలా అతి ప్రేమ వల్ల వచ్చినవే ఎక్కువ.

తలకి దెబ్బ తగిలింది, స్కాన్ తీయకుండానే పంపేశారు. పట్టించుకోలేదా?

పట్టించుకున్నారు కాబట్టే తీయలేదు అనుకోవచ్చు. పిల్లల తల దెబ్బల్లో చాలావాటికి సీటీ స్కాన్ అవసరం ఉండదు, ఊరికే రేడియేషన్ తగలడం తప్ప. పిల్లాడు ఎలా పడ్డాడు, స్పృహ తప్పాడా, ఎన్ని వాంతులయ్యాయి, ఎలా మాట్లాడుతున్నాడు అని అడిగేదంతా ఆ నిర్ణయం కోసమే. నుదుటి మీద బొప్పి కోడిగుడ్డంత లేచినా లోపల ఏమీ ఉండకపోవచ్చు, అక్కడ చర్మం కింద రక్తనాళాలు ఎక్కువ. మర్నాటికి ఆ వాపు కిందికి జారి కన్ను ఉబ్బి నల్లబడితే కొత్త దెబ్బ అనుకుని హడలిపోకండి.

కానీ మొదటి 24 నుంచి 48 గంటలు ఒక కన్నేసి ఉంచాలి. మళ్లీ మళ్లీ వాంతులు, లేపినా సరిగ్గా లేవనంత మత్తు, తగ్గకుండా పెరుగుతున్న తలనొప్పి, ఫిట్స్, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో బలహీనపడటం, నల్లగుడ్లు రెండూ ఒకే సైజులో లేకపోవడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిది గానీ రక్తం గానీ కారడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో ఏ పెద్దాసుపత్రి ఉంటే అక్కడికి వెళ్లిపోండి. ఏడాదిలోపు పాపాయికి మాడు ఉబ్బినట్టున్నా, తల పక్కన మెత్తగా నీటి సంచిలా వాపు తేలినా అంతే. ఏడ్చి ఏడ్చి, పాలు తాగిన వెంటనే ఒకసారి కక్కుకుంటే మాత్రం అది వేరు సంగతి.

రాత్రంతా నిద్రపోనివ్వకూడదట కదా?

అది పాత మాట. భయం, ఏడుపు, ఆసుపత్రి వెయిటింగ్ అన్నీ అయ్యాక పిల్లలు అలసిపోయి పడుకుంటారు, పడుకోనివ్వండి. మొదటి రాత్రి మధ్యలో ఒకటి రెండుసార్లు కదిపి చూడండి: విసుక్కుని అటు తిరిగి పడుకున్నాడంటే బాగానే ఉన్నట్టు. ఎంత కదిపినా పలక్కపోతేనే పరుగెత్తాలి.

బడికి ఎప్పుడు పంపొచ్చు? ఫోన్ ఇవ్వచ్చా?

తల దెబ్బ అయితే ఒకటి రెండు రోజులు ఇంట్లోనే, ఫోనూ టీవీ బాగా తగ్గించి. తలనొప్పి లేకుండా ఇంట్లో మామూలుగా తిరుగుతున్నాడంటే బడికి పంపొచ్చు, మొదటి రోజు సగం పూటైనా సరే. పరుగులు, క్రికెట్, కబడ్డీ మాత్రం బడి, హోంవర్కు ఏ ఇబ్బందీ లేకుండా సాగాకే, అదీ డాక్టరు సరేనన్నాకే. తల పూర్తిగా కోలుకోకముందే రెండో దెబ్బ తగలడం మొదటిదానికన్నా ప్రమాదం. పీఈటీ సారుకి నోటి మాటగా చెబితే మర్చిపోతారు, డైరీలో రాసి పంపండి. కుట్లున్నా, చేతికి కట్టున్నా నొప్పి అదుపులో ఉంటే బడి మానక్కర్లేదు.

కుట్లు తడవకూడదా? ఎన్ని రోజులకి తీస్తారు?

మొదటి 24 నుంచి 48 గంటలు తడవకూడదు. ఆ తర్వాత చాలావరకు మగ్గుతో నాలుగు చెంబులు త్వరగా పోసి, మెత్తని బట్టతో అద్దేస్తే సరిపోతుంది. రుద్దకూడదు, నాననివ్వకూడదు. చెరువులో, స్విమ్మింగ్ పూల్లో దిగడం కుట్లు తీసి గాయం మూసుకున్నాకే. తలలో కుట్లుంటే ఆ చుట్టుపక్కల నూనె రాయకండి.

తీయడం చోటుని బట్టి ఉంటుంది. ముఖం మీదైతే 5 రోజులకి అటూ ఇటూగా, తల మీదా చేతులూ కాళ్ల మీదా 7 నుంచి 10 రోజులకి, మోకాలు లాంటి కీళ్ల మీదైతే 10 నుంచి 14 రోజులకి. ముఖం కుట్లు 'ఇంకో రెండ్రోజులు ఉంటే గట్టిపడుతుంది' అని లాగిస్తే కుట్టు గుర్తులు మిగిలిపోతాయి. పెదవి లోపల, నాలుక మీద వేసేవి చాలావరకు కరిగిపోయేవే, వాటికోసం తిరిగి రానక్కర్లేదు. మీ పిల్లాడికి ఏవి వేశారో చీటీలో లేకపోతే అడిగి రాయించుకోండి.

మేం డాలస్‌లో ఉంటాం. బాబు గెడ్డం పగిలితే కుట్లు వేయకుండా జిగురు రాసి పంపేశారు. ఊళ్లో అమ్మావాళ్లేమో ఇదేం వైద్యం అంటున్నారు!

మంచి వైద్యమే, మన దగ్గరా చేస్తున్నారు. అంచులు సాఫీగా దగ్గరికొచ్చే చిన్న కోతకి ఆ జిగురు కుట్టుతో సమానంగా పనిచేస్తుంది, సూది బాధ లేదు. 5 నుంచి 10 రోజుల్లో దానంతటదే పొరలా ఊడిపోతుంది. దాని మీద ఆయింట్‌మెంట్, వ్యాజిలిన్, కొబ్బరినూనె ఏవీ రాయొద్దు, ముందే కరిగిపోతుంది. గిల్లే అలవాటుంటే పైన చిన్న ప్లాస్టర్ వేయండి.

పప్పు తింటే చీము పడుతుందా? వంకాయ, గోంగూర, గుడ్డు?

మా గదిలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినపడే ప్రశ్న ఇదే, అడిగేది అమ్మమ్మో నానమ్మో అయి ఉంటుంది. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. చీము పట్టేది గాయంలోకి క్రిములు చేరడం వల్ల. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, మన ఇళ్లలో పిల్లలకి అవి దొరికేదే పప్పులో, గుడ్డులో, పాలల్లో, పెరుగులో. సరిగ్గా అవసరమైన వారంలో వాటినే ఆపేసి చారన్నం, బ్రెడ్డు, ఇడ్లీ పెడుతుంటారు. పత్యం పెట్టాల్సిన పనేం లేదు. ముందు నుంచీ ఏదైనా పడకపోతే అది మానండి, అంతే.

పసుపు పెట్టొచ్చా? పౌడర్ చల్లొచ్చా?

కుట్ల మీద వద్దు. వంటింటి పసుపు శుభ్రమైనది కాదు, పైగా ఆ రంగులో ఎర్రబడిందో లేదో మాకు కనపడదు. పౌడర్ చల్లితే గాయం ఊరే తడితో కలిసి పెచ్చు కడుతుంది, కింద చీమున్నా పైకి ఆరినట్టే ఉంటుంది. దోక్కుపోయిన మోకాలైతే నీళ్లూ సబ్బుతో కడిగి, డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ పల్చగా రాస్తే చాలు.

నొప్పి సిరప్ ఎంత పోయాలి? సీసా మీద ఒకలా, చీటీలో ఒకలా ఉంది.

ఈ ఒక్కటి నిదానంగా చదవండి. పారాసిటమాల్ మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి: కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, 6 గంటలకోసారి, 24 గంటల్లో 4 సార్లు మించకుండా. చిక్కంతా ఎక్కడంటే, మన మందుల షాపుల్లో ఇదే మందు మూడు నాలుగు బలాల్లో దొరుకుతుంది. 12 కిలోల పిల్లాడికి ఎక్కువలో ఎక్కువ 180 మిల్లీగ్రాములు. 5 ఎం.ఎల్.లో 120 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే అది 7.5 ఎం.ఎల్. అదే 5 ఎం.ఎల్.కి 250 ఉండే డీఎస్ (డబుల్ స్ట్రెంత్) సిరప్ అయితే 3.6 ఎం.ఎల్. చాలు. చంటిపిల్లల డ్రాప్స్‌లో ఒక్క ఎం.ఎల్.లోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది, కాబట్టి 1.8 ఎం.ఎల్. ఇప్పుడు ఆ 7.5 లెక్కని డ్రాప్స్ సీసాతో పోశారనుకోండి, 750 మిల్లీగ్రాములు వెళ్లిపోతుంది! అందుకే 'చెంచాడు' అనే కొలత వదిలేసి, మూతో సిరంజో వాడండి, ఫోన్లో మమ్మల్ని అడిగేటప్పుడు సీసా పేరు కాదు, దాని మీద '5 ఎం.ఎల్.లో ఇంత' అని రాసుంటుంది చూడండి, అది చదివి వినిపించండి. జలుబు మందుల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది, రెండూ ఒకేసారి ఇస్తే డబుల్ అవుతుంది.

ఐబుప్రొఫెన్ ఇవ్వాల్సొస్తే డాక్టరు రాస్తేనే, ఏదైనా తిన్నాకే. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలోనూ, చికెన్‌పాక్స్‌లోనూ వద్దు. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వకూడదు. నిమెసులైడ్‌ని మన దేశంలో 12 ఏళ్లలోపు పిల్లలకి 2011లోనే నిషేధించారు, అయినా ఇంట్లో పెద్దవాళ్ల కోసం తెచ్చిన మాత్రలో అర ముక్క విరిచి ఇచ్చేవాళ్లు ఇంకా కనపడుతూనే ఉన్నారు.

యాంటీబయాటిక్ రాయలేదు, మేమే కొని వేయొచ్చా?

వద్దు. శుభ్రంగా కడిగి కుట్టిన కోతకి చాలావరకు అక్కర్లేదు. రాసి ఉంటే మాత్రం చెప్పినన్ని రోజులూ వేయండి, పొడి సీసాలో గీత దాకా కాచి చల్లార్చిన నీళ్లు పోసి బాగా కుదిపాకే.

టీటీ (ధనుర్వాతం) ఇంజెక్షన్ వేయలేదేంటి?

టీకాల కార్డు చూసే వేయలేదు. ప్రభుత్వ షెడ్యూల్లో 6, 10, 14 వారాలకి వేసే పెంటావాలెంట్‌లో, 16 నుంచి 24 నెలల మధ్యా 5–6 ఏళ్లకీ వేసే డీపీటీ బూస్టర్లలో, 10, 16 ఏళ్లకి వేసే టీడీలో ధనుర్వాతం టీకా ఉంది. అవన్నీ సరిగ్గా పడుంటే, చివరి డోసు నుంచి శుభ్రమైన చిన్న గాయానికి 10 ఏళ్ల దాకా, మట్టీ పేడా తగిలిన మురికి గాయానికి 5 ఏళ్ల దాకా మళ్లీ అక్కర్లేదు. టీకాలు సరిగ్గా పడకపోయినా, కార్డు ఎక్కడుందో తెలియకపోయినా వేయించుకోవాల్సి వస్తుంది. కార్డుని ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి, బీరువాలో ఉన్న కార్డు రాత్రి పదకొండింటికి ఎవరికీ పనికిరాదు.

పిండికట్టు వేశారు. ఏం చూసుకోవాలి?

వేళ్లు చూసుకోవాలి. గోరు నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి. వేళ్లు కదపాలి, వెచ్చగా ఉండాలి, ముట్టుకుంటే తెలియాలి. మొదటి రెండు మూడు రోజులు చెయ్యైతే దిండు మీద గుండెకన్నా ఎత్తులో, కాలైతే పడుకోబెట్టి ఎత్తులో పెట్టండి, వాపు దిగడానికి సగం మందు అదే. మందు వేసినా ఆగని నొప్పి, వేలు కాస్త చాపితే కెవ్వున అరవడం, వేళ్లు పాలిపోవడం, నీలంగా, చల్లగా, మొద్దుబారిపోయి ఉండటం... ఇలా ఉంటే అర్ధరాత్రైనా సరే వెంటనే రండి. కట్టు బిగిసి లోపల రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లోనే కండరం దెబ్బతింటుంది.

పైకి గట్టిపడినా పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పడుతుంది, అప్పటిదాకా నొక్కొద్దు. స్నానానికి పాలిథిన్ కవర్ చుట్టి, కట్టిన చెయ్యిని బకెట్‌కి దూరంగా పెట్టాలి. దురదకి స్కేలు, స్వెటర్ అల్లే సూది, పెన్ను లోపలికి దూర్చొద్దు. కట్టు విప్పినప్పుడు లోపల్నుంచి పెన్ను మూతలు, బఠాణీలు, ఒకసారి రూపాయి బిళ్ల కూడా రాలాయి, కింద చర్మం పుండై ఉంది.

మా వాళ్లు పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటున్నారు.

విరిగిన ఎముకలకి కట్టే నాటు కట్టు, చిత్తూరు వైపు నుంచి రెండు రాష్ట్రాల్లోనూ పేరున్నది, కుదిరిందని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, కాదనను. పిల్లల ఎముకలు వాటంతటవే చురుగ్గా అతుక్కుంటాయి, మామూలుగా విరిగింది దేనితో కట్టినా అతుకుతుంది. గొడవంతా మామూలువి కాని వాటితోనే. పిల్లల ఎముక చివర్లలో ఎదుగుదల పొర ఉంటుంది, అది పక్కకి జరిగిందో లేదో ఎక్స్‌రే లేకుండా చేత్తో తడిమి చెప్పడం కష్టం; వంకరగా అతికితే చెయ్యి పెరిగే కొద్దీ వంకర తేలుతుంది. రెండోది, వాపు ఎక్కే రోజుల్లో బద్దలు పెట్టి బిగించి కడితే పైన చెప్పిన రక్తప్రసరణ సమస్య వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మోచేతికి మర్దన చేయించొద్దు. దెబ్బతిన్న మోచేతిని నూనె పోసి తోమితే కండరంలో ఎముక గట్టిపడి, చెయ్యి మడవడానికి రాకుండా బిగుసుకుపోవచ్చు. విరిగిన ఎముకకన్నా ఆ బిగుసుకున్న మోచెయ్యిని దారికి తేవడం మహా కష్టం.

పాయా తాగితే ఎముక తొందరగా అతుకుతుందా?

తొందరగా ఏమీ అతకదు. రుచిగా ఉంటుంది, తాగనివ్వండి.

చెయ్యి పట్టి లేపితే మోచెయ్యి జారింది, డాక్టరు క్షణంలో సరిచేశారు. మళ్లీ జారుతుందా?

జారొచ్చు. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో మామూలే, సరిచేసిన కాసేపటికే ఆ చేత్తో బిస్కెట్ అందుకుంటారు. ముంజేతులు పట్టి గాల్లో తిప్పే ఆట బాబాయిలకీ మావయ్యలకీ సరదాగానే ఉంటుంది, కొన్నాళ్లు ఆపించండి. ఎత్తుకోవాలంటే చంకల కింద పట్టుకోవాలి. సరిచేసిన అరగంటకీ చెయ్యి కదపకపోతే మళ్లీ చూపించండి.

బైక్ చక్రంలో మడమ పడింది. చిన్న గీత అన్నారు, మూడు రోజులకి నల్లబడుతోంది!

వెంటనే తీసుకెళ్లండి. స్పోకుల్లో నలిగిన దెబ్బ మొదటిరోజు చిన్నగానే కనిపిస్తుంది, లోపల చర్మం నలిగిపోయి రక్తం అందక కొన్ని రోజుల తర్వాత నల్లబడి ఊడుతుంది. అందుకే ఈ దెబ్బకి ఇంటికి పంపినా మళ్లీ రమ్మంటారు, ఆ రోజు ఎగ్గొట్టొద్దు. కాలు కిందపెట్టి నడిపించకుండా ఎత్తులో ఉంచండి. బండికి వెనక చక్రం పక్కన చీర గార్డు తీయించేశారేమో కూడా ఒకసారి చూసుకోండి, స్టైల్ కోసం తీయించిన బండ్ల మీద నుంచే చాలామంది పిల్లలు వస్తారు.

సైలెన్సర్‌కి కాలు కాలింది / గంజి ఒలికింది. బొబ్బలు పగలగొట్టాలా?

మీరు పగలగొట్టొద్దు, అవసరమైతే డ్రెస్సింగ్‌లో మేం చూసుకుంటాం. కాలిన వెంటనే చేయాల్సింది 20 నిమిషాలు పారే చల్లని నీళ్ల కింద పెట్టడం, ఐస్ కాదు. టూత్‌పేస్టు, కాఫీ పొడి, ఇంకు పూసుకొస్తే మేం ముందు అది కడగాలి, పిల్లకి అదో నరకం. ఇంటికొచ్చాక కట్టు తడిసినా, జారినా, వాసన వచ్చినా మార్పించండి. కాలిన మొదటి కొద్దిరోజుల్లో జ్వరంతో పాటు ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, వాంతులు, విరేచనాలు వస్తే గాయం ఎంత చిన్నదైనా అది ఎమర్జెన్సీయే. పైపైన కాలింది రెండు వారాల్లో మానుతుంది, మూడు వారాలైనా మానకపోతే మచ్చ గట్టిపడే అవకాశం ఎక్కువ, సర్జన్‌కి చూపించాలి. మానాక దురద పెడుతుంది, అప్పుడు కొబ్బరినూనె రాయండి, ఎండ తగలనివ్వకండి. రంగు కలవడానికి నెలలు పడుతుంది, మచ్చ మాయం చేసే క్రీముల కోసం మొదటి వారంలోనే వెతకనక్కర్లేదు.

కుక్క కరిచింది, చిన్న గాటే. మొదటి సూది అయింది, మిగతావి తప్పదా?

తప్పదు, ఇందులో బేరం లేదు. మొదటి సూది వేసిన రోజుని 0 అనుకుంటే, కండకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులు; ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28. పరీక్షలున్నా, పెళ్లికెళ్లినా, వేరే ఊళ్లో ఉన్న ప్రభుత్వాసుపత్రిలో చీటీ చూపించి వేయించుకోవచ్చు. రక్తం వచ్చిన గాటుకి గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్ నుంచి కాపాడే సూది) వేశారో లేదో ఇప్పుడే కనుక్కోండి, వేయకపోతే మొదటి టీకా వేసిన 7 రోజుల్లోపు వేయించుకోవచ్చు. కారం, సున్నం పెట్టకండి. సబ్బుతో 15 నిమిషాలు కడగడమే గాటుకి ఇంట్లో చేయగలిగిన వైద్యం.

కుట్లు వేయడానికి మత్తు ఇచ్చారు, ఇంటికొచ్చాక తూలుతున్నాడు.

కొన్ని గంటలు అలా ఉంటుంది, వాంతి కూడా కావొచ్చు. పూర్తిగా తేరుకున్నాక ముందు గుక్కెడు నీళ్లు, నిలిస్తే ఇడ్లీ. ఆ రోజంతా మెట్లు, సైకిల్, డాబా వద్దు, స్నానానికి ఒంటరిగా పంపొద్దు. లేపితే లేవకపోతేనూ, ఊపిరి తేడాగా ఉంటేనూ వెంటనే తీసుకెళ్లాలి.

దెబ్బ తగ్గింది కానీ రాత్రుళ్లు ఉలిక్కిపడుతోంది, పక్క తడుపుతోంది, నన్ను వదలట్లేదు.

ఇది కూడా దెబ్బలో భాగమే. మానేసిన అలవాట్లు తిరిగి రావడం, ఆసుపత్రి పేరెత్తితే ఏడవడం, బొమ్మకి కట్టు కట్టి అదే ఆట పదిసార్లు ఆడటం మొదటి కొన్ని వారాలు మామూలు. ఆ ఆట ఆపకండి, పిల్లలు భయాన్ని అలాగే అరిగించుకుంటారు. పక్క తడిపిందని తిట్టకండి. దిష్టి తీస్తే మీ అత్తగారికి నిమ్మళంగా ఉంటుందంటే తీయనివ్వండి, నష్టం లేదు, పొగ మాత్రం ముఖానికి తగలకుండా. వచ్చినవాళ్లందరికీ పాప ముందే 'అబ్బో ఎంత రక్తం పోయిందో' అని మొదట్నుంచీ కథ చెప్పడం ఆపేయాలి, అది విన్న ప్రతిసారీ పాప మళ్లీ పడుతుంది. నెల దాటినా తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చెప్పండి. 14416కి చేస్తే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

కుట్లు తీసేటప్పుడు నొప్పి ఉంటుందా? పిల్లాడికి ఏం చెప్పాలి?

కొంచెం లాగినట్టు, చీమ కుట్టినట్టు ఉంటుంది, అదే చెప్పండి. 'ఏమీ చేయరు, చాక్లెట్ ఇస్తారు' అని తీసుకొస్తే గుమ్మంలోనే అర్థమైపోయి గోల మొదలవుతుంది, ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మడు. 'అన్నం తినకపోతే సూది పొడిపిస్తా' అని ఇంట్లో మమ్మల్ని బూచిగా వాడే అలవాటుంటే దయచేసి మానండి, ఆ పిల్లాణ్ని పట్టుకోవడానికి ఇక్కడ ముగ్గురం కావాలి. వచ్చేముందు ఏదైనా తినిపించండి, గట్టిగా అంటుకున్న కట్టుని ఇంట్లో లాగేయకుండా అలాగే తీసుకురండి, మేం సెలైన్‌తో తడిపి తీస్తాం. డిశ్చార్జి చీటీ, వాడిన మందుల సీసాలు పట్టుకురండి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి అమ్మానాన్నల్లో ఎవరికి ధైర్యం ఎక్కువో వాళ్లు లోపలికి రండి, రెండోవాళ్లు బయట కూర్చుంటే చాలు.